ఏఐ అసిస్టెంట్‌తో ఆండ్రాయిడ్ ఫోన్ నడిపించడం: ఏడీబీ, యాక్సెసిబిలిటీ, ఆపియం - ఏది ఎవరికి?

తక్‌పట్టీ_గుమస్తా (వరంగల్)

అందరికీ నమస్కారం. నేను ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజన్లో పొద్దున జెండాపాట అయిపోయి కాంటాలు మొదలైతే, మధ్యాహ్నం దాటేసరికి నా బల్ల మీద తక్‌పట్టీలు (రైతు అమ్మిన సరుకు లెక్క చీటీలు) గుట్టగా పడతాయి. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, క్వింటాల్ ధర, కోతలు పోను చేతికొచ్చే మొత్తం, ఇవన్నీ మా సేటు కొన్న ఒక బిల్లింగ్ యాప్‌లో ఎక్కించాలి. సాయంత్రం ప్రతి పట్టీనీ మళ్ళీ తెరిచి, అందులోని మొత్తాన్ని ఆ రైతు వాట్సాప్‌కు తెలుగులో రాసి పంపాలి. ఆ యాప్ ఫోన్‌లో తప్ప కంప్యూటర్‌లో రాదు, ఎక్సెల్‌గా బయటికి తీసే వీలు లేదు. తయారుచేసినవారిని అడిగితే వచ్చే వర్షన్‌లో పెడతామని రెండేళ్ళుగా చెబుతున్నారు.

ల్యాప్‌టాప్‌లో ఏఐ అసిస్టెంట్‌ను ఉత్తరాలు రాయించడానికి ఇప్పటికే వాడుతున్నాను. అది ఫోన్‌ను కూడా నడిపించగలదని, అందుకు మొబైల్-ఎంసీపీ, ఆపియం, డ్రాయిడ్‌రన్, ఆటోజీఎల్‌ఎం వంటి పనిముట్లు ఉన్నాయని చదివాను. ఏ పేజీ తెరిచినా అందులో ఉన్నదే అన్నిటికన్నా మేలైనదని రాసి ఉంది. దుకాణంలో ఆండ్రాయిడ్ 12 ఉన్న పాత ఫోన్ ఒకటి ఖాళీగా ఉంది. నా పనికి వీటిలో ఏది కుదురుతుందో వాడి చూసినవారు చెప్పగలరా? నాకు ప్రోగ్రామింగ్ రాదు గానీ, కమాండ్ రాసి ఎంటర్ నొక్కడానికి భయం లేదు.

మడికొండ_టెస్టర్ (హనుమకొండ)

గుమస్తా గారూ, పేర్లు చూసి కంగారు పడకండి. పేర్లు ఎన్ని ఉన్నా ఫోన్ లోపలికి పోయే దారులు మూడే. పనిముట్టును ఎంచుకునే ముందు అది ఏ దారిన పోతుందో చూసుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి.

మొదటి దారి ఏడీబీ, అంటే ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్. ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ పెట్టి, తెర మీద వచ్చే అనుమతికి ఒప్పుకుంటే, ల్యాప్‌టాప్ నుంచి ఆజ్ఞలు పంపవచ్చు. 'ఇన్‌పుట్ ట్యాప్ 540 1200' అని పంపితే ఆ చోట వేలు పెట్టినట్టే. 'స్క్రీన్‌క్యాప్' తెర బొమ్మ తీస్తుంది. 'యూఐఆటోమేటర్ డంప్' ఇంకా విలువైనది, ఎందుకంటే తెర మీదున్న ప్రతి బటన్‌ను, ప్రతి అక్షరాన్ని, వాటి హద్దులతో సహా ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా, అంటే కంప్యూటర్ చదవగలిగే జాబితాగా, ఇస్తుంది. మీరు చెప్పిన మొబైల్-ఎంసీపీ ఆండ్రాయిడ్‌లో ప్రధానంగా ఈ దారినే వాడుతుంది: ముందు తెరలోని అంశాల జాబితా అడుగుతుంది, అది సరిపోనప్పుడు తెర బొమ్మ చూసి కొలతల మీద నొక్కుతుంది.

రెండో దారి యాక్సెసిబిలిటీ సర్వీస్. చూపు లేనివారికి తెరను చదివి వినిపించే యాప్‌లు నడిచేది ఈ దారినే. ఇందులో ఫోన్‌లోనే ఒక యాప్ కూర్చుని, తెర మీద ఏముందో చదువుతుంది. ఆండ్రాయిడ్ 7 నుంచి మన బదులు వేలి కదలికలు కూడా చేయగలుగుతుంది. డ్రాయిడ్‌రన్ వారి పోర్టల్ యాప్ తెరను చదివేది ఇలాగే.

మూడోది పరీక్షల పనిముట్ల దారి. ఆపియం ఇందులో పెద్దన్న, 2012 నుంచి ఓపెన్ సోర్స్‌గా ఉంది. నా ఉద్యోగమే యాప్‌లను పరీక్షించడం కాబట్టి నాకు దీని మీద పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. ఏర్పాటుకు ఒక పూట పడుతుంది, కానీ ఒకసారి నిలబడితే మిగతావాటి కన్నా తక్కువ తూలుతుంది.

ఇక ఎంసీపీ అంటారా, 2024 నవంబరులో ఆంత్రోపిక్ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అది. అసిస్టెంట్‌కు, ఈ పనిముట్లకు మధ్య మాట కలిపే పద్ధతి అన్నమాట. దాని వల్ల ఫోన్‌కు కొత్త శక్తి ఏదీ రాదు. మీరు మొబైల్-ఎంసీపీతో మొదలుపెట్టండి, తట్టుకోలేకపోతే ఆపియంకు రండి.

కాజీపేట_జంక్షన్ (కాజీపేట)

టెస్టర్ అన్నా, మీరు నాలుగో దారిని వదిలేశారు. తెర బొమ్మను మాత్రమే చూసి, మనిషి చూసినట్టే చూసి, ఎక్కడ నొక్కాలో తేల్చుకునే ఏఐ మోడళ్ళు వచ్చాయి. 2023 డిసెంబరులో టెన్సెంట్ పరిశోధకులు తెచ్చిన యాప్‌ఏజెంట్ ఇంకా ఎక్స్‌ఎంఎల్ సాయం తీసుకుని, బటన్ల మీద అంకెలు వేసి, ఆ అంకెను చెప్పమని మోడల్‌ను అడిగేది. ఆ మరుసటి నెలలోనే అలీబాబా వారి మొబైల్-ఏజెంట్ ఎక్స్‌ఎంఎల్ లేకుండా బొమ్మతోనే పని నడిపించింది. 2025 డిసెంబరులో చైనాలోని జీపూ సంస్థ ఓపెన్-ఆటోజీఎల్‌ఎంను, దానితో పాటు ఫోన్ తెరల కోసమే తర్ఫీదు పొందిన 900 కోట్ల పారామీటర్ల మోడల్‌ను బయటపెట్టింది. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే అది మన ఇంట్లోనే నడుస్తుంది, రైతుల పేర్లు, మొత్తాలు బయటి సర్వర్‌కు పోవు.

నాకు అందులో బాగా నచ్చిన విషయం ఒకటుంది. లాగిన్, ఓటీపీ వంటి చోట్ల అది తానే ఆగి, 'ఇక మీరు చేయండి' అని ఫోన్‌ను మనిషికి అప్పగించే చర్య ఆ మోడల్‌కు నేర్పిన చర్యల్లోనే ఉంది.

సామర్థ్యం కూడా వేగంగా పెరిగింది. గూగుల్ పరిశోధకులు 2024లో ఆండ్రాయిడ్‌వరల్డ్ అని 20 యాప్‌లలో 116 పనులతో ఒక పరీక్ష పెట్టినప్పుడు, వారు తయారుచేసిన మేలైన ఏజెంట్ (మన బదులు ఫోన్‌లో పనులు చేసే ఏఐ) 30.6 శాతం పనులే పూర్తి చేసింది, మనుషులు 80 శాతం చేశారు. ఇప్పుడు అదే పరీక్షలో మంచి ఏజెంట్లు ఆ తొలి అంకెను ఎంతో వెనక పెట్టేశాయి. కాబట్టి ఎక్స్‌ఎంఎల్‌తో కుస్తీ పట్టడం ఎందుకని నా ప్రశ్న.

మడికొండ_టెస్టర్ (హనుమకొండ)

తమ్ముడూ, అది దారి కాదు, చూపు. బొమ్మ చూసి తేల్చుకున్న తరువాత నొక్కడానికి ఆటోజీఎల్‌ఎం కూడా ఏడీబీ దగ్గరికే రావాలి కదా.

చూపుతోనే నడిపితే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను. పోయిన ఏడాది ఒక యాప్‌ను పరీక్షించడానికి నేనే ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. ఫోన్ తెర 1080 బై 2400. మోడల్‌కు పంపే ముందు బొమ్మను 720 బై 1600కు కుదించాను, ఖర్చు తగ్గుతుందని. మోడల్ చూసి, 'సేవ్ బటన్ 360, 1480 దగ్గర ఉంది' అని సరిగ్గానే చెప్పింది. నా స్క్రిప్టు ఆ అంకెలను ఒకటిన్నరతో గుణించకుండా అలాగే ఫోన్‌కు పంపింది. వేలు పడాల్సింది 540, 2220 దగ్గర; పడింది తెర మధ్యకు దగ్గర్లో. అక్కడ 'తొలగించు' ఉంది. ఆ తరువాత వచ్చిన 'ఖాయమా?' అన్న ప్రశ్నకు కూడా మోడల్ తన పని ముందుకు సాగుతోందనుకుని అవునని చెప్పింది. అది పరీక్షల కోసం పెట్టిన డేటా కాబట్టి నేను నవ్వుకున్నాను. గుమస్తా గారి దగ్గర అయితే అది ఒక రైతు పట్టీ.

ఎక్స్‌ఎంఎల్‌లో బటన్ పేరు, హద్దులు ఫోన్ చెప్పినవి, ఊహించినవి కావు. బొమ్మతో నడిచే పద్ధతిని నేను కొట్టిపారేయడం లేదు. గీతలతో, రంగులతో మొత్తం తెరను సొంతంగా గీసుకునే ఆటల వంటి యాప్‌లలో ఎక్స్‌ఎంఎల్ ఖాళీగా వస్తుంది, అక్కడ చూపే గతి.

తక్‌పట్టీ_గుమస్తా (వరంగల్)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొన్న ఆదివారం మార్కెట్‌కు సెలవు కాబట్టి కూర్చున్నాను. నోడ్ జేఎస్, ప్లాట్‌ఫామ్ టూల్స్ అనే సాఫ్ట్‌వేర్లు వేసుకుని మొబైల్-ఎంసీపీని అసిస్టెంట్‌కు కలపడానికి గంటన్నర పట్టింది, అందులో ముప్పావుగంట పాడైన కేబుల్ వల్లే పోయింది. చార్జింగ్ ఎక్కుతోంది కదా, కేబుల్ బాగానే ఉందనుకున్నాను. డేటా తీగ తెగిపోయిందని మా తమ్ముడి కేబుల్ పెట్టి చూసే దాకా తెలియలేదు.

'బిల్లింగ్ యాప్ తెరిచి నిన్నటి పట్టీలు చూపించు' అని తెలుగులోనే అడిగాను. దానంతట అదే యాప్ తెరిచి, తారీకు మార్చి, జాబితా చదివి, మొదటి పట్టీలోని మొత్తం చెప్పినప్పుడు, నిజం చెప్పాలంటే, పక్కనున్న హమాలీని పిలిచి చూపించాను.

ఆ తరువాత మూడు చోట్ల ఆగిపోయింది. యాప్ మొదటి పేజీలో పైన ఒక ప్రకటన ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. ఆ పేజీలో ఉన్నప్పుడు డంప్ అడిగితే 'ఐడిల్ స్టేట్ దొరకలేదు' అన్న అర్థంతో ఎర్రర్ వస్తోంది. రెండోది, 'ఇన్‌పుట్ టెక్స్ట్' కమాండ్‌తో అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు పడుతున్నాయి గానీ తెలుగు ఒక్క అక్షరం కూడా పడడం లేదు. మూడోది నాకు అసలు అంతుబట్టలేదు. యాప్‌లో 'పాత బిల్‌' అని ఒక బటన్ ఉంది. అదే మాట నేను టైపు చేసి దాన్ని నొక్కమని చిన్న స్క్రిప్టులో పెడితే, అలాంటి మాట తెర మీద లేదంటోంది. కళ్ళకు రెండూ ఒకటే.

మానేరు_డెవ్ (కరీంనగర్)

గుమస్తా గారూ, మీ మూడో సమస్య తెలుగువాళ్ళకే వచ్చే సమస్య. బిల్ అన్న మాట చివర పొల్లు తరువాత కొన్ని కీబోర్డులు కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పొల్లు పక్క అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. 'సెట్టింగ్‌లు' అన్న మాటను 'సెట్టింగ్లు'గా కాకుండా నిలబెట్టేది అదే. మాట చివర ఉన్నప్పుడు అది ఉన్నా లేకపోయినా కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కు మాత్రం రెండూ వేరు మాటలు. అసిస్టెంట్ స్వయంగా చదివి నొక్కినప్పుడు అర్థం చేసుకుంటుంది కాబట్టి దాటేస్తుంది, అక్షరం అక్షరం పోల్చే స్క్రిప్టు దాటలేదు. అందుకే బటన్‌ను దాని మీది తెలుగు మాటతో పట్టుకోకండి. అదే ఎక్స్‌ఎంఎల్‌లో రిసోర్స్ ఐడీ అని ఒకటి ఉంటుంది, అది యాప్ రాసినవారు ఆ బటన్‌కు లోపల పెట్టుకున్న పేరు, ఫోన్ భాష మార్చినా అది మారదు. దానితో పట్టుకోండి.

కదిలే ప్రకటన సంగతికి వస్తే, డంప్ తీసే కమాండ్ తెర కుదురుగా ఉండే దాకా ఎదురుచూసి, కుదరకపోతే చేతులెత్తేస్తుంది. ఆపియంలో ఈ ఎదురుచూపుకు ఒక సెట్టింగ్ ఉంది, మామూలుగా 10 సెకన్లు. దాన్ని సున్నా చేస్తే కదులుతున్న తెరను కూడా ఉన్నదున్నట్టు చదివేస్తుంది. టెస్టర్ గారు ఆపియం మీద చూపిన పక్షపాతంలో కొంత న్యాయం ఉందని ఇక్కడ ఒప్పుకోవాలి. తెలుగు రాయడానికి కూడా ఆపియంకు ఇబ్బంది లేదు, ఎందుకంటే అది కీలు నొక్కినట్టు నటించకుండా ఆ పెట్టెలోకి నేరుగా మాటను చేరుస్తుంది. ఏడీబీలోనే ఉండాలంటే ఏడీబీ కీబోర్డ్ అనే చిన్న యాప్‌ను కీబోర్డుగా పెట్టుకోవాలి.

కానీ మీ పనిలో అసలు టైపు చేయాల్సిన అవసరమే లేదు. వాట్సాప్‌కు 'డబ్ల్యూఏ డాట్ మీ' అన్న లింకు ఉంది కదా, దాని వెనక రైతు నంబరు, ఆ తరువాత రాయాల్సిన మాటను లింకులో ఇమిడే రూపంలో పెట్టి, ఏడీబీ నుంచి 'ఏఎం స్టార్ట్' కమాండ్‌తో తెరిస్తే, ఆ రైతు చాట్ తెరుచుకుని, తెలుగు సందేశం పెట్టెలో సిద్ధంగా కూర్చుంటుంది. పేరు వెతకడం, జాబితా జరపడం, తప్పు మనిషిని నొక్కడం అన్నీ తప్పుతాయి. తెర మీద నొక్కకుండా జరిగే పనిని నొక్కి చేయించకూడదన్నది నేను నేర్చుకున్న పాఠం.

యాక్సెసిబిలిటీ దారి గురించి ఒక మాట. ల్యాప్‌టాప్ లేకుండా ఫోనే అన్నీ చేసుకోవాలంటే అదే మేలు. అయితే ఆండ్రాయిడ్ 13 నుంచి, ప్లే స్టోర్ బయట దించుకున్న యాప్‌కు యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వబోతే ఫోన్ ముందు అడ్డుకుంటుంది. యాప్ సమాచారం పేజీకి పోయి 'పరిమితం చేసిన సెట్టింగ్‌లను అనుమతించు' అని ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. మీది 12 కాబట్టి ఆ అడ్డు రాదు. అడ్డు రాకపోవడం మంచిదా అన్నది వేరే సంగతి.

సుబేదారి_సార్ (హనుమకొండ)

ఈ చర్చను నేను తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో వింటున్నాను. నాకు చూపు లేదు. 30 ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. యాక్సెసిబిలిటీ సర్వీస్‌ను మీరందరూ ఒక దొడ్డిదారిలా మాట్లాడుతున్నారు. అది 2009లో ఆండ్రాయిడ్ 1.6తో, టాక్‌బ్యాక్‌తో కలిసి వచ్చిన మా సింహద్వారం.

మీకు తెలియవలసిన రెండు సంగతులు ఉన్నాయి. మీ అసిస్టెంట్ 'పేరు లేని బటన్' దగ్గర తడబడినప్పుడు మీకు కోపం వస్తుంది. నాకు అదే బటన్ దగ్గర 'లేబుల్ లేని బటన్' అని వినిపిస్తుంది, రోజూ. బొమ్మ ఒక్కటి పెట్టి దాని వివరణ రాయకుండా వదిలేసిన డెవలపర్ నన్నూ, మీ అసిస్టెంట్‌నూ ఒకే దెబ్బతో గుడ్డివాళ్ళను చేస్తాడు. ఆ వివరణ రాయడానికి పట్టేది ఒక్క లైను. ఏజెంట్ల పుణ్యమా అని ఇప్పుడైనా రాస్తే నాకు సంతోషమే, ఎవరి కోసం రాశారన్నది నేను పట్టించుకోను.

రెండోది, మా మనవడు నా ఫోన్‌కు కేబుల్ పెట్టి ఈ డంప్ కమాండ్‌ను ప్రయోగించినప్పుడల్లా టాక్‌బ్యాక్ మూగబోయేది. ఫోన్ పాడైందని భయపడ్డాను. ఎందుకలా జరుగుతుందో ఎవరైనా చెప్పగలరా?

మానేరు_డెవ్ (కరీంనగర్)

సార్, మీ మాటకు తలవంచుతున్నాను. నా యాప్‌లోనే అలాంటి బటన్లు నాలుగు దొరికాయి, ఇప్పుడే సరిచేశాను.

యూఐఆటోమేటర్ ఫోన్‌కు కలిసినప్పుడు, మామూలుగా మిగతా యాక్సెసిబిలిటీ సర్వీసులన్నిటినీ ఆపి తానొక్కటే మాట్లాడుతుంది. పని అయ్యాక అవి తిరిగి వస్తాయి. ఆపియంలో అయితే అలా ఆపవద్దని చెప్పే వీలుంది. 'డిసేబుల్ సప్రెస్ యాక్సెసిబిలిటీ సర్వీస్' అన్న ఎంపికను ఆన్ చేయమని మనవడికి చెప్పండి.

లక్సెట్టిపేట_ఐఫోన్ (మంచిర్యాల)

ఐఫోన్‌కు ఇలాంటివి లేవా?

మడికొండ_టెస్టర్ (హనుమకొండ)

ఉన్నాయి, కానీ ఓపిక కావాలి. ఆపియం అయినా మొబైల్-ఎంసీపీ అయినా ఐఫోన్‌లో వెబ్‌డ్రైవర్‌ఏజెంట్ అనే యాప్ ద్వారానే నడుస్తాయి. దాన్ని ఎక్కించాలంటే మాక్ కంప్యూటర్, ఎక్స్‌కోడ్ (ఆపిల్ వారి యాప్ తయారీ సాఫ్ట్‌వేర్) ఉండాలి, ఐఓఎస్ 16 నుంచి డెవలపర్ మోడ్ ఆన్ చేయాలి. ఉచిత ఆపిల్ ఖాతాతో ఆ యాప్‌కు డిజిటల్ సంతకం చేస్తే 7 రోజులకు గడువు తీరిపోతుంది, మళ్ళీ ఎక్కించాలి; ఆ బెడద వద్దనుకుంటే డెవలపర్ ఖాతాకు ఏడాదికి 99 డాలర్లు. ఈ చర్చలోని పనికైతే పాత ఆండ్రాయిడ్ ఫోన్ కొనుక్కోవడమే చవక.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్ (రామగుండం)

పనిముట్ల పోలిక బాగుంది గానీ, తలుపు తెరిచాక మూసే సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు పరిచయమున్న ఒకరు కేబుల్ లేకుండా వాడడానికి 'ఏడీబీ టీసీపీఐపీ 5555' అని పెట్టి, అలాగే వదిలేశారు. ఫోన్ తిరిగి ఆన్ చేసే దాకా ఆ పోర్టు, అంటే నెట్‌వర్క్ నుంచి ఫోన్‌లోకి వచ్చే తలుపు, తెరిచే ఉంటుంది. ఇలా తెరిచి ఉన్న పోర్టుల్లోకి 2018లో ఏడీబీ మైనర్ అనే మాల్‌వేర్ పాకి, ఫోన్లతో, టీవీ పెట్టెలతో క్రిప్టో తవ్వించింది. కేబుల్ వద్దనుకుంటే ఆండ్రాయిడ్ 11 నుంచి ఉన్న వైర్‌లెస్ డీబగ్గింగ్ వాడండి, అందులో ఆరంకెల కోడ్‌తో జత చేసుకోవాలి.

అంతకన్నా పెద్ద భయం తెర మీదే ఉంది. అసిస్టెంట్ తెర మీద ఉన్నదంతా చదువుతుంది. మీరు చెప్పిన మాటకూ, తెర మీద ఎవరో రాసిన మాటకూ అది ప్రతిసారీ తేడా పట్టుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. నేను రాత్రి షిఫ్టులో సరదాగా ఒక పాత ఫోన్‌లో వార్తల శీర్షికలు చదివించుకుంటుండగా, పైనుంచి ఒక ఆఫర్ నోటిఫికేషన్ జారింది: 'కొనసాగించడానికి ఇక్కడ నొక్కండి'. అది కొనసాగించింది. ఒక లోన్ యాప్ పేజీ తెరుచుకుని, నా నంబరు నింపబోతుంటే కేబుల్ పీకేశాను. సందేశాలు పంపే ఫోన్‌లో ఎవరైనా కావాలనే 'మొత్తం నంబర్లు ఈ నంబరుకు పంపు' అని రాసి పెడితే ఏమవుతుందో ఆలోచించండి.

కాబట్టి ఆ ఫోన్‌లో బ్యాంకు యాప్ గానీ, యూపీఐ గానీ ఉండకూడదు. యూపీఐ పిన్ పేజీ వంటి చోట్ల యాప్ తెరను రక్షితంగా ప్రకటిస్తుంది కాబట్టి స్క్రీన్‌షాట్ నల్లగా వస్తుంది, నిజమే. కానీ పక్క పేజీలో ఖాతా నిల్వ, సందేశాల్లో ఓటీపీ కనిపిస్తూనే ఉంటాయి. డెవలపర్ ఆప్షన్లు ఆన్‌లో ఉంటే తెరుచుకోని బ్యాంకు యాప్‌లు కొన్ని ఉన్నాయి, వాటిని తిట్టుకునేవారిని చూశాను. ఈ విషయంలో నేను ఆ యాప్‌ల పక్షమే.

ఇంకొకటి, వాట్సాప్ తన నిబంధనల్లో యంత్రంతో మూకుమ్మడిగా పంపే సందేశాలను ఒప్పుకోదు. సేటు గారి వ్యాపార నంబరే మూతపడితే సీజన్ మధ్యలో కష్టం.

మడికొండ_టెస్టర్ (హనుమకొండ)

నైట్‌షిఫ్ట్ గారి మాటకు నా వంతు చేర్పు ఖర్చు గురించి. తెర మారిన ప్రతిసారీ అసిస్టెంట్‌కు ఒక బొమ్మ గానీ, పొడవాటి ఎక్స్‌ఎంఎల్ గానీ పోతుంది. ఒక పట్టీకి ఎనిమిది తెరలు, రోజుకు వంద పట్టీలంటే 800 సార్లు అది చదవాలి, ఆలోచించాలి, నొక్కాలి. తెలుగు అక్షరాలకు ఇంగ్లిష్ కన్నా ఎక్కువ టోకెన్లు (మోడల్ మాటను విడగొట్టి చదివే ముక్కలు) పడతాయి కాబట్టి బిల్లు ఇంకా పెరుగుతుంది. పైగా వేగం ఉండదు. అలవాటైన గుమస్తా చేయి దానికన్నా ముందే పని ముగిస్తుంది.

అసిస్టెంట్‌ను దారి కనుక్కోవడానికి వాడండి. ఒక్క పట్టీని దానితో పూర్తిగా చేయించి, ఏ రిసోర్స్ ఐడీని ఎప్పుడు నొక్కిందో ఒక ఆపియం స్క్రిప్టుగా రాసి పెట్టమనండి. మరుసటి రోజు నుంచి ఆ స్క్రిప్టే నడుస్తుంది, మోడల్‌కు పైసా ఇవ్వక్కరలేదు. యాప్ అప్‌డేట్ వచ్చి స్క్రిప్టు విరిగిన రోజు మళ్ళీ అసిస్టెంట్‌ను పిలవండి.

కాజీపేట_జంక్షన్ (కాజీపేట)

ఈ లెక్క ముందు నేను వాదించలేను. వంద పట్టీలూ ఒకే రకంగా ఉండే చోట స్క్రిప్టే సరి. కానీ ప్రతిరోజూ కొత్త యాప్, కొత్త పని ఉండే చోట మీ స్క్రిప్టు మొదటి తెర దగ్గరే నిలబడిపోతుంది, అక్కడ నా చూపు మోడలే కావాలి. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

తక్‌పట్టీ_గుమస్తా (వరంగల్)

పది రోజుల తరువాత వస్తున్నాను. అందరూ చెప్పినవాటిలో నాకు పనికొచ్చినవి ఏరుకుని ఇలా పెట్టుకున్నాను.

దారి కనుక్కోవడం మొబైల్-ఎంసీపీతో చేయించాను. దాన్ని చూసి అసిస్టెంట్ రాసిచ్చిన ఆపియం స్క్రిప్టు ఇప్పుడు రోజూ సాయంత్రం పట్టీలు చదివి, పేరు, నంబరు, మొత్తం ఒక ఎక్సెల్ ఫైలులో రాస్తుంది. ఎదురుచూపు సెట్టింగ్ సున్నా చేశాక ప్రకటన ఎంత ఎగిరినా దాని పని ఆగలేదు. ఫోన్‌లో బిల్లింగ్ యాప్, వాట్సాప్ తప్ప ఏమీ ఉంచలేదు, నోటిఫికేషన్లు మొత్తం ఆపేశాను, కేబుల్‌తోనే వాడుతున్నాను. బిల్లింగ్ యాప్‌లో ఈ ఫోన్‌కు చూసే హక్కు మాత్రమే ఉన్న లాగిన్ ఇప్పించమని సేటును అడిగితే, అదృష్టవశాత్తూ ఆ సౌకర్యం యాప్‌లో ఉంది. ఇప్పుడు 'తొలగించు' మీద వేలు పడినా ఏమీ కాదు.

పంపడం మాత్రం నా చేతిలోనే ఉంచుకున్నాను. మానేరు_డెవ్ గారు చెప్పిన లింకు పద్ధతిలో ఒక్కొక్క రైతు చాట్ తెరుచుకుని, సందేశం సిద్ధంగా నిలుస్తుంది. నేను పేరు చూసి, మొత్తం చూసి, పంపు బటన్ నొక్కుతాను, తరువాతది తెరుచుకుంటుంది. రెండో రోజే దీని అవసరం తెలిసింది: ఒకే ఊరి నుంచి ఒకే ఇంటి పేరు, ఒకే పేరు ఉన్న రైతులు ఇద్దరు, పెదనాన్న కొడుకు, చిన్నాన్న కొడుకు. బిల్లింగ్ యాప్‌లో ఇద్దరికీ ఒకే నంబరు ఎక్కి ఉంది, అది ఎక్కించింది నేనే. స్క్రిప్టుకు అందులో తప్పేమీ కనిపించలేదు. పక్కింటాయన మిర్చికి పడ్డ ధర తెలిసినా గొడవ కాదు గానీ, ఆయన పేరు మీద వచ్చిన డబ్బు లెక్క ఇంకొకరికి పోతే ఊళ్ళో నా పరువు ఉండదు. గంటన్నర పట్టే పని ఇప్పుడు ఇరవై నిమిషాలలో అవుతోంది.

ఇప్పుడు మిగిలిన సమస్య వేరు. డెవలపర్ ఆప్షన్లలో తెర ఆరిపోకుండా పెట్టి, ఫోన్‌ను పొద్దంతా ల్యాప్‌టాప్‌కు తగిలించే ఉంచుతున్నాను. వారం తిరిగేసరికి వెనక మూత ఒక మూల కొద్దిగా లేచినట్టు ఉంది. మిర్చి ఘాటు వల్ల కాదని నాకు తెలుసు.

మానేరు_డెవ్ (కరీంనగర్)

బ్యాటరీ ఉబ్బుతోంది. ఇప్పుడే కేబుల్ తీసి, ఆ ఫోన్‌ను ఆపి, గోనె సంచులకు దూరంగా పెట్టండి. మళ్ళీ చార్జింగ్ పెట్టవద్దు. మూత నొక్కి మూయడానికి ప్రయత్నించకుండా హనుమకొండ చౌరస్తాలో ఏదైనా రిపేర్ షాపులో బ్యాటరీ మార్పించుకోండి. ఆ తరువాత స్క్రిప్టు నడిచే ఇరవై నిమిషాలు మాత్రమే కేబుల్ పెట్టండి. మీ ఫోన్ కంపెనీ సెట్టింగ్‌లలో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఎంపిక ఉంటే అది కూడా ఆన్ చేయండి.

తక్‌పట్టీ_గుమస్తా (వరంగల్)

తీసేశాను. ఈ రోజు పట్టీలు చేత్తోనే పంపుతున్నాను.